సుత్తి మేస్త్రీ

ఒక్క సుత్తి దెబ్బకు వాల్వు కాడ విరిగి మెట్ల కింద పడింది.

పొయ్యిలోంచి తీసిన పాత సామానును గుమ్మం మెట్టు మీద పెట్టి చితక్కొట్టడం ఆ మనిషి అలవాటు. గ్యాస్ పొయ్యిలు బాగుచేసే అతన్ని వీధిలో అందరూ సుత్తి మేస్త్రీ అనేవాళ్లు. నవ్వడు, మాట కలపడు, మంచినీళ్లిచ్చినా వద్దంటాడు.

డబ్బులు తేవడానికి లోపలికి వెళ్తున్న ఇంటి కోడలికి ఒళ్లు మండిపోయింది.

ఆ పొయ్యికి నాలుగు బర్నర్లు, నలభై జబ్బులు. మోడల్ పాతది. సామాన్లు దొరకవు, దొరికితే కళ్లు తిరిగే ధర. ఒక్క వాల్వు ఖరీదు నెల కరెంటు బిల్లంత. పావలా కోడికి ముప్పావలా మసాలా అంటే ఇదే మరి.

పారేసి కొత్తది కొనే స్తోమత లేదు. అలాగని వదిలేద్దామంటే ఇంట్లో మామగారున్నారు.

భర్తది బయటూరి ఉద్యోగం. ఆమె పొద్దంతా బట్టల షాపులో బిల్లులు కొడుతుంది. పెద్దాయన ఒక్కరే ఇంట్లో ఉండి టీ పెట్టుకుంటారు. ఆ మధ్య చేసిన జబ్బుతో ఆయనకు వాసన తెలియకుండా పోయింది. మల్లెపూలైనా మాడిన పాలైనా ఆ ముక్కుకు ఒకటే. గ్యాస్ లీకైనా అంతే.

అందుకే పళ్లు బిగబట్టి ప్రతిసారీ డబ్బిచ్చింది. కానీ ఆ సుత్తి చప్పుడు విన్నప్పుడల్లా ఒకటే అనుమానం. పాతది నిజంగా పాడైందో లేదో ఇంకెవరూ చూడకుండా చేస్తున్నాడు. దొంగబుద్ధి కాకపోతే ఏమిటది?

కొన్నాళ్లకు రెండో వాల్వు దగ్గరా వాసన మొదలైంది. ఈసారి ఆమె ఊరుకోలేదు. మేస్త్రీ రాకముందే పొయ్యి పైకెత్తి, ఆ వాల్వు అడుగున ఎర్ర గోళ్లరంగు చుక్క పెట్టింది. మార్చకుండానే మార్చానంటే అక్కడికక్కడే పట్టుకుందామని.

మేస్త్రీ వచ్చాడు. నిజంగానే మార్చాడు. చుక్క ఉన్న పాతదాన్ని మెట్టు మీద పెట్టి సుత్తి తీశాడు.

ఆమె అడ్డం వెళ్లింది.

"మేస్త్రీ గారూ, అది ఇటివ్వండి."

"ఇవ్వనమ్మా."

"నా పొయ్యిది, నా డబ్బుతో కొన్నది. ఇటివ్వు." గారూ పోయింది, మీరూ పోయింది.

"దీన్ని చితక్కొడితేగానీ నాకు నిద్ర పట్టదమ్మా. కావాలంటే నా కూలి ఇవ్వకండి."

"నీ నిద్ర కోసం నా కొంప గుల్ల చేస్తావా?"

విసురుగా లాక్కుంది. పోనీలేమ్మా, మనిషి మొరటుగానీ పనిమంతుడు అని మామగారు లోపల్నుంచి సర్దిచెప్పబోయారు. అరికాలి మంట నెత్తికెక్కినవాళ్లకు ఎవరి మాట వినబడుతుంది? మేస్త్రీ మాత్రం ఆమె పిడికిలి వంకే చూస్తూ సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

ఆమె తిన్నగా అతను పనిచేసే షాపుకు వెళ్లింది.

ఓనరు లేచి నిలబడ్డాడు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. వాల్వును వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నిక్షేపంలా ఉందమ్మా ఇది. మీలాంటివాళ్లు వచ్చి చెబితేగానీ మాకెలా తెలుస్తుంది?"

సగం డబ్బు వాపసు ఇచ్చి, వాల్వును సొరుగులో పడేసుకున్నాడు. ఆ సాయంత్రమే మేస్త్రీ పని ఊడింది. సంగతి తెలిసి ఆమె పీడా పోయిందనుకుంది. అంతటితో ఆగక, వాడొట్టి దొంగ అని వీధి వీధంతా చాటింది.

తర్వాత మూడో వాల్వు మొరాయిస్తే అదే షాపు నుంచి కొత్త మెకానిక్ వచ్చాడు. నోరు తెరిస్తే అమ్మగారూ అనడమే. పెద్దాయన ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు. ఈ మోడల్‌కి ఇది ఒక్కటే మిగిలిందండీ, మీ అదృష్టం అంటూ మెరిసే ప్యాకెట్‌లోంచి వాల్వు తీసి, పాత ధరలో సగానికే బిగించాడు. తీసినదాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి సంచిలో దాచుకున్నాడు. సుత్తి లేదు, చప్పుడు లేదు. మర్యాదంటే ఇలా ఉండాలని ఆమె మామగారితో రెండుసార్లు చెప్పింది.

వారం తిరగకముందే, ఒక సాయంత్రం బట్టల షాపు నుంచి వస్తుంటే మెట్ల మీదే గుప్పున గ్యాస్ వాసన కొట్టింది.

పరుగున వెళ్లి తలుపు తోసింది. మామగారు పొయ్యి ముందు నిలబడి ఉన్నారు. టీగిన్నె పెట్టేశారు. ఒక చేతిలో అగ్గిపెట్టె, ఇంకో చేతిలో పుల్ల.

"మామయ్యా, గీయొద్దు."

ఆయన చెయ్యి ఆగింది. ఆమె సిలిండర్ కట్టేసింది, కిటికీలన్నీ బార్లా తెరిచింది, ఆయన్ను చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చి మెట్టు మీద కూర్చోబెట్టింది. ఏమైందమ్మా అని ఆయన అడుగుతూనే ఉన్నారు.

వాసన పోయాక భయం తగ్గి కోపం వచ్చింది. మామూలు కోపం కాదు. ఆ తేనెమాటలవాణ్ణీ వాడి ఓనర్నీ కలిపి నిలువునా చీరేయాలన్నంత కోపం. ఆ వాల్వు పీకి వాళ్ల మొహాన కొడదామని లోపలికి వెళ్లి పొయ్యి పైకెత్తింది.

కొత్త వాల్వు పైనంతా తళతళలాడుతోంది.

అడుగున ఎర్రటి చుక్క.

ఆమె తన గోళ్లు చూసుకుంది. అదే రంగు.

అలాగే మెట్టు దగ్గరికి వచ్చింది. మేస్త్రీ ఎక్కడున్నాడని మామగారిని అడిగింది. సంచి భుజాన వేసుకుని ఎప్పుడో ఊరొదిలి వెళ్లిపోయాడట, దొంగ అన్న పేరు పడ్డాక ఇక్కడ అతన్ని ఎవరు పిలుస్తారమ్మా అన్నారాయన.

ఆయన కూర్చున్న మెట్టు మీద సుత్తి దెబ్బల గుంటలు ఇంకా ఉన్నాయి.

ఆ మొరటు మనిషి ప్రతి గుమ్మంలోనూ సుత్తి ఎత్తింది, తర్వాతి గుమ్మంలో ఉన్నవాళ్ల ప్రాణాల కోసం.