మనోడి గుర్తు

"నన్నే కాల్చినవ్!"

రమేశ్ అరుపుకి రజని చెవిలో ఇయర్‌ఫోన్ అదిరింది. ఫోన్ తెరమీద దుమ్ములో బోర్లా పడి ఉన్న సిపాయి ఆమె మొగుడే. ట్రాక్టర్ రిపేరుకని కౌడిపల్లి వెళ్లినవాడు, సామాను వచ్చేదాకా తోచక అక్కడ కూర్చుని ఆడుతున్నాడు. ఆమె మెదక్‌లో, ఇంట్లో మంచంమీద కూర్చుని ఆడుతోంది. ఇవాళ అతన్ని కాల్చడం ఇది మొదటిసారి కూడా కాదు.

"నాకేమెర్క? అందరియి ఒక్కతీరు బట్టలే, ఒక్కతీరు టోపీలే. నెత్తిమీద పేర్లు పెట్టు అంటే ఇనవైతివి."

"పేర్లు పెడితే చిన్న పోరగాండ్ల ఆటైతది. అసలు యుద్ధంల సిపాయిల నెత్తిమీద పేర్లు ఏలాడ్తయా?"

"అసలు యుద్ధంల పెండ్లాం మొగన్ని కాలుస్తదా?"

మైకులో మూడో గొంతు కిసుక్కున నవ్వింది. అది చిరుత గొంతు. ఆటలో పెట్టుకున్న ఆ పేరు తప్ప వాడి అసలు పేరేమిటో వీళ్లకు తెలియదు, అడగనూ లేదు. ఆటలోనే కలిశాడు. రామాయంపేట దిక్కు అంటాడు. మాటకొకసారి 'అక్కా' అంటాడు కాబట్టి రజనికి వాడంటే ముద్దు.

"అన్న చెప్పింది నిజమే అక్కా. పేర్లుంటే మజా ఉండదు. అట్లని మనోళ్లను మనమే సంపుకుంటే గెలుసుడెట్ల?"

రజని కాసేపు ఆలోచించింది. "గట్లయితే ఒక పని జేద్దాం. పేర్లు వద్దు. ఎవలన్న ఎదురైతే రెండుసార్లు కూసోని లేవాలె, గుంజీలు తీసినట్టు. ఎదుటోడు గూడ అట్లనే తీస్తే మనోడు. తియ్యకుంటే కాల్చుడే. మన ముగ్గురికి తప్ప ఇంకెవ్వలికి తెల్వద్దు."

"గుర్తు మస్తుంది అక్కా!" అన్నాడు చిరుత.

నిజంగానే మస్తుగా ఉంది. తర్వాతి ఆటలో పొగలో ఎదురుపడ్డ ఇద్దరు సిపాయిలు ఆమె ముందు గుంజీలు తీసి బతికిపోయారు. తీయనివాళ్లు చచ్చారు. రమేశ్ కోపం దిగిపోయింది.

"ఇంటి దొంగను ఈశ్వరుడు గూడ పట్టలేడంటరు. ఇగ మనం పట్టొచ్చు," అని నవ్వాడు. "సరే రజనీ, సామాను రేపొస్తదట. బండి తీస్తున్న. మబ్బు మస్తు పట్టింది, రెయిన్‌కోట్ ఏసుకోని వస్త."

"జల్ది రా. ఈడ వాన షురువైంది."

అప్పుడే బయట ఏదో చిటపటమంది.

"ఏంది అక్కా ఆ సప్పుడు?" అడిగాడు చిరుత.

"ట్రాన్స్‌ఫార్మర్ తమ్మీ. మెదక్ రైస్ మిల్లు ఎనక గల్లీల, సరిగ్గ మా గేటు ముంగటనే ఉంటది. సినుకు పడితే సాలు, గిదే లొల్లి. ఇయ్యాల పైన ఓనరోళ్లు గూడ లేరు. నాకు భయమైతది."

"భయమెందుకక్కా. అన్న వస్తుండు గద."

ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మని పేలింది. ఇల్లు చీకటైంది. వైఫై పోయింది, ఆటా పోయింది.

పొద్దు ఇంకా పూర్తిగా గూకలేదు కానీ, ఆ మబ్బుకి గదిలో తన చెయ్యి తనకే కనిపించడం లేదు. రజని లేచి తలుపుకి గొళ్లెం పెట్టింది. పక్కింటి యాదలక్ష్మి చెప్పిన మాట సరిగ్గా అప్పుడే గుర్తుకు రావాలా! మొన్న హవేలిఘనపూర్ దారిలో ఎవడో రెయిన్‌కోటు వేసుకుని వచ్చి, మంచినీళ్లడిగి, ఇంటావిడ మెడలో పుస్తెలతాడు తెంపుకుపోయాడట. రజని చెయ్యి తన మెడమీదికి పోయింది. రమేశ్‌కి ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. బండిమీద ఉన్నవాడు ఎలా ఎత్తుతాడని తనకు తనే చెప్పుకుంది. అయినా మళ్లీ చేసింది. వంటింట్లోంచి రోకలి తెచ్చుకుని మంచంమీద ముడుచుకుని కూర్చుంది.

చాలాసేపటికి బండి ఆగిన చప్పుడు. గేటు కిర్రుమంది. తలుపు దబదబ మోగింది.

"ఎవలు?"

వరండా రేకులమీద వాన దంచి కొడుతోంది.

"ఎవలది? రమేశ్, నువ్వేనా?"

మళ్లీ దబదబ.

రజని కిటికీ దగ్గరికి వెళ్లి ఫోన్ లైటు వేసింది. వరండాలో నల్ల రెయిన్‌కోటు, తలమీద హెల్మెట్, ముఖం మీదికి దించిన అద్దం. రమేశ్‌ది నల్ల కోటే. ఆ మాటకొస్తే మెదక్‌లో సగం మందిది నల్ల కోటే. నెత్తిమీద పేరు రాసి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

"పలుకవేందయ్యా? నాకు భయమైతుంది!"

అతను హెల్మెట్ మీద చెవి దగ్గర వేలు పెట్టి, వినపడట్లేదన్నట్టు చెయ్యి ఊపాడు.

తలుపు తీస్తే ఏమవుతుందో! తీయకపోతే, వానలో తడుస్తున్నవాడు మొగుడైతే? అప్పుడు తట్టింది ఆమెకి. ఫోన్‌ని కిటికీ గట్టున నిలబెట్టి, వెలుగులో నిలబడి, కూర్చుని లేచింది. ఇంకోసారి కూర్చుని లేచింది.

బయటి మనిషి కాసేపు కదలలేదు. తర్వాత కూర్చుని లేచాడు. మళ్లీ కూర్చుని లేచాడు.

రజనికి పోయిన ప్రాణం లేచి వచ్చింది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రోకలి గోడకి ఆనించి, పరుగున వెళ్లి గొళ్లెం తీసింది.

"సంపితివి గదయ్యా! నోరు పడిపోయిందా? ఆడనే ఉండు, తువ్వాల తెస్త."

అతను లోపలికి వచ్చాడు. వీపుతో తలుపు మూసి, వెనక్కి చెయ్యి పెట్టి గొళ్లెం వేశాడు. అప్పుడు హెల్మెట్ అద్దం పైకి లేపాడు.

"గుర్తు మస్తు పనిచేస్తుంది అక్కా!"