గంగాళం కింద పెట్టె

ఆ ఉదయం ఆకాశం నిండా మబ్బు పట్టింది గాని ఒక్క చినుకూ రాల్చలేదు. గవరయ్య నారుమడి మూడు రోజులుగా ఎండుతోంది. మధ్యాహ్నంలోగా కాలువ తూముకు అతని కబురు అందకపోతే నీటి వంతు పక్క ఊరికి పోతుంది.

మా ఊళ్ళో ప్రతి ఇంటి కప్పు మీదా ఒక పెట్టె ఉంటుంది. ఒక ఇంటి కబురును పక్కింటి పెట్టె తీగ లేకుండా అందుకుని ఆ తర్వాతి ఇంటికి అందిస్తుంది, అలా తూము దాకా. గవరయ్యది వీధిలో చివరి ఇల్లు. పక్కది తమ్ముడు పోలినాయుడిది. గట్టు తగాదా వచ్చి రెండు నెలలుగా ఇద్దరికీ మాటల్లేవు. నిన్న పోలినాయుడు అన్న కబురు దాటకుండా తన పెట్టె మీద ఇత్తడి గంగాళం బోర్లించాడు.

గవరయ్య వెళ్ళి తమ్ముడి గుమ్మంలో నిలబడ్డాడు.

“గంగాళం తియ్యరా. నారెండిపోతంది.”

“నాతో ఆడని మాట నా ఇంటి మీంచి ఎలాగెల్తాదన్నా?”

“ఇప్పుడాడేను గదా.”

పోలినాయుడు వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. “ఎనకటికి రెండు కంప్యూటర్లని మొదటిసారి కలిపితే, రెండచ్చరాలు ఎల్లేసరికి ఒకటి పడిపోనాదంట. బళ్ళో సెప్పేరు. నువ్వు మూడు మాటలాడీసి కూడా నిలబడే ఉన్నావు. నయమే.”

“ఎక్కుతావా, నన్నెక్కమంటావా?”

“ఆ మోకాళ్ళతోనా? కూకో.”

నిచ్చెనెక్కి గంగాళం దించాడు. ఆగిన కబురు కదిలింది. కాసేపటికి, తూము తెరుచుకుందని గవరయ్య చేతి గడియారం పలికింది.

పోలినాయుడి భార్య రెండు కంచాల్లో చద్దన్నం పెట్టింది. ఇంట్లో ఉల్లిపాయ ఒక్కటే ఉంది. పోలినాయుడు దాన్ని గుద్ది, పెద్ద ముక్క అన్న కంచంలో వేశాడు.