నల్లతేలు చరిత్ర

టీవీలో కారుతున్న రక్తం చూసి ఆదర్శ్ వేళ్ళు కీబోర్డు మీద ఒక్క క్షణం ఆగాయి.

ఒంటినిండా నల్లరంగు పూసుకున్న ఓ వస్తాదు ఎదుటివాడి కళ్ళలో ఉప్పు కొట్టాడు. చెవి కొరికాడు. చూసేవాళ్ళ మీదికి ఖాండ్రించి ఉమ్మాడు. చివరికి ఆ నల్లరంగు వస్తాదు తలే ఇనుప స్తంభానికి తగిలి నుదురు చిట్లింది. అక్కడి జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

హాలు మధ్యలో కూర్చున్న జపాన్ అతిథి తనాబే ఆ నల్ల మనిషిని చూపించి, తర్వాత తన గుండె మీద చెయ్యి వేసుకుని నవ్వాడు. అది నేనే, అన్నట్టు. అరవై దాటిన మనిషి. తెల్లజుట్టు నుదుటి మీదికి పడేలా దువ్వుకున్నాడు.

"అప్పట్లో వీరి పేరు నల్లతేలు అటండి," అంది జయంతి. ఉస్మానియాలో జపనీస్ నేర్చుకుని, ఈ పనికి దుబాసీగా తనాబే వెంట వచ్చిన అమ్మాయి.

అది 1999. మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల టవరుకు ఎదురు సందులో, ఓ మేడ రెండో అంతస్తులో సోమేశ్వరరావు సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఒసాకాలోని తనాబే వాళ్ళ కుస్తీ కంపెనీ తన పాతికేళ్ళ చరిత్రను సీడీగా చేయించుకోవాలనుకుంది. ఆ పని ఎవరికివ్వాలో తేల్చేది ఈ ముసలాయనే.

కాంట్రాక్టు వస్తే ఆదర్శ్ ఉద్యోగం ఖాయం. రాకపోతే మళ్ళీ కాకినాడ బస్సే. ఆ సంగతి సోమేశ్వరరావు పొద్దున్నే చెప్పేశాడు.

"వాళ్ళున్నంతసేపూ బుద్ధిగా ఉండండయ్యా. వేళ్ళు ఆడుతూ ఉండాలి. ఎవరేమడిగినా మన మేనేజరు కావ్య చెబుతుంది. మీరు నోరు విప్పొద్దు."

హాలు నిండా టైలు కట్టుకున్న కుర్రాళ్ళు. అందరి కుర్చీలూ గోడకు ఆనుకుని, కంప్యూటర్ల వీపులన్నీ అతిథుల వైపు. అతిథులు మెట్లెక్కిన దగ్గర్నుంచీ టకటకమని ఒకటే చప్పుడు. ఆదర్శ్ పక్క కుర్చీలో పుప్పాలగూడ నర్సయ్య మెడ పట్టేసినవాడిలా బిగుసుకుని కూర్చున్నాడు.

"జర ఈ ముడి ఒదులు చెయ్యన్నా, ఊపిరాడ్తలేదు," అని గొణిగాడు.

ఆదర్శ్ వినిపించుకునే స్థితిలో లేడు. చరిత్ర తయారుచేసేవాళ్ళంతా చూసి తీరాలని తనాబే పట్టుబట్టి హాల్లోనే టీవీ పెట్టించాడు మరి. చూడక తప్పలేదు.

మొదటి పోటీ చేపల మార్కెట్టు షెడ్డులో జరిగిందట. నేల మీది పొలుసులు ఊడ్చి చాపలు పరిచారట. కొన్నాళ్ళకు సగంమంది వస్తాదులు కూడబలుక్కుని పోటీ కంపెనీకి ఫిరాయిస్తే, ఈ నల్లతేలే జనం చేత తిట్లు తింటూ కంపెనీని నిలబెట్టిందట. ఇంతవరకూ బాగానే ఉంది.

"ఎవరు గెలవాలో పొద్దున్నే అనుకుంటారటండి," అంటూ జయంతి అందుకుంది. "ఓడాల్సినవాడు బాగా ఓడాలట. మంచివాడి వేషం కట్టేవాడూ చెడ్డవాడి వేషం కట్టేవాడూ బయట కూడా ఒకే రైలెక్కకూడదు, ఒకేచోట తినకూడదు. స్నేహితులని తెలిస్తే ఆట చప్పబడిపోతుంది కదండీ. సీడీలో మాత్రం జనం చూసిందే ఉండాలంటున్నారు."

ఆదర్శ్‌కు రోత పుట్టింది. వాళ్ళ నాన్న సుబ్రహ్మణ్యం మాస్టారు, పక్కవాడి పేపర్లోకి తొంగిచూశాడని సొంత కొడుకునే ఏడో తరగతి తప్పించిన మనిషి. అబద్ధమంటే ఆ ఇంట్లో ఎంగిలికూడు. అలాంటి ఇంట్లో పుట్టి ఈ దొంగకుస్తీల చరిత్రకు చాకిరీ చెయ్యాలా? ఛీ! ఇన్నేళ్ళూ టికెట్టు కొన్నవాళ్ళ కళ్ళలో ఉప్పు కొట్టినవాడు, ఎదురుగా కూర్చుని మన టీ తాగుతూ సిగ్గులేకుండా పళ్ళికిలిస్తున్నాడు. పైగా టీ తాగినంతసేపూ ఆ చూపు ఆదర్శ్ బల్ల మీదే. ఒంటి మీద జెర్రి పాకినట్టుంది.

సోమేశ్వరరావు వినయంగా కాంట్రాక్టు కాగితాలు ముందుంచాడు. తనాబే పెన్ను మూత తీశాడు. సంతకం పెట్టబోతూ ఆగి, ఎవరైనా ఏమైనా అడుగుతారా అన్నాడు.

ఆదర్శ్ లేచి నిలబడ్డాడు. ఉద్యోగం గుర్తొచ్చింది. అయినా నోరు ఆగలేదు.

"ఇది మోసం కాదాండీ? నమ్మి వచ్చినవాళ్ళ ముందు వేషాలెయ్యడానికి మీకు సిగ్గనిపించలేదా? ఆ రక్తం కూడా రంగునీళ్ళేగా?"

సోమేశ్వరరావు ముఖంలో నెత్తురుచుక్క లేదు. "కూర్చోవయ్యా!" అని పళ్ళ బిగువున అరిచాడు.

"ఏందన్నా గిట్ల చేస్తివి? ఇగ ఖతం," అని నర్సయ్య తల పట్టుకున్నాడు.

జయంతి తడబడుతూనే ఆ మాటలు చేరవేసింది. తనాబే కోప్పడలేదు. లేచి, ఒక్కో బల్ల వెనక్కి తొంగిచూస్తూ, నింపాదిగా ఆదర్శ్ ఎదుటికి వచ్చాడు. నుదుటి మీది జుట్టు పైకి తోశాడు.

దుక్కి దున్నినట్టు గాట్లు. వేళ్ళ సందున బ్లేడు దాచుకుని ఎలా కోసుకునేవాడో వేలితో గీసి మరీ చూపించాడు. ఆదర్శ్ ముఖం తిప్పుకున్నాడు. వేషం కోసం ఇంత నీచానికి దిగజారే మనుషులుంటారా?

తనాబే పెన్ను మూత పెట్టి జేబులో వేసుకున్నాడు. జయంతితో మెల్లగా ఏదో అన్నాడు. ఆమె ఆదర్శ్ బల్ల వెనక్కి ఓసారి చూసి, గతుక్కుమని, నేల చూపులు చూస్తూ చెప్పింది.

"'మాది వేషమే బాబూ, కానీ అందులో రక్తమైనా నిజం, నువ్వు ఇందాకట్నుంచి టకటకలాడిస్తున్న దాంతో సహా ఈ హాల్లో ఒక్క కంప్యూటరుకీ వైరే లేదు' అంటున్నారండి."