సముద్రానికి పావుగంట

"సముద్రానికి పావుగంట. అంతకు మించి ఒక్క నిమిషం కూడా ఇచ్చేది లేదు," అన్నాడు చార్టుల గుమాస్తా, స్కేలుతో బల్ల మీద టపీమని కొట్టి.

గోడకి తగిలించిన ఆ చార్టు మంచం మీది దుప్పటంత ఉంది. మహానగరంలో మూడు రోజులు, పంతొమ్మిది చోట్లు. ఎక్కడికి ఎన్నింటికి చేరాలో, ఎన్నింటికి కదలాలో ఎర్రసిరాతో గళ్ళు గళ్ళుగా రాసి పెట్టాడు. మ్యూజియానికి ఇరవై రెండు నిమిషాలు. నలభై అంతస్తుల మేడ ఎక్కడం, దిగడం, మధ్యలో ఆశ్చర్యపోవడం కలిపి పద్దెనిమిది. స్నానానికి మనిషికి ఏడు, వాళ్ళమ్మకి మాత్రం పెద్దావిడని తొమ్మిది. బస్సు డిపోలో ఇరవయ్యేళ్ళుగా డ్రైవర్లకి డ్యూటీ చార్టులు వేస్తున్న మనిషి మరి. ఎక్కడైనా ఒక గడి ఖాళీగా కనిపిస్తే ఆయనకి అన్నం సయించదు.

"పావుగంటా? చెప్పులిప్పి మళ్ళీ తొడుక్కునేసరికే అయిపోతుంది," అంది భార్య. "నేను పుట్టి బుద్ధెరిగాక సముద్రం మొహం చూడలేదు. మిగతా పద్దెనిమిది చోట్లూ మీరే చూసుకోండి. నాకు సముద్రం దగ్గర గంట కావాలి."

"గంటసేపు అక్కడ ఏం చేస్తావు?"

"ఏం చెయ్యను. ఊరికే కూర్చుంటాను."

"ఊరికేనా!" ఆయన మొహం మాడిపోయింది. "ఊరికే కూర్చోడానికి అంత దూరం వెళ్ళాలా? ఆ కూర్చునేదేదో ఇంట్లోనే కూర్చోవచ్చుగా!"

"ఇంట్లో నేను కూర్చోగా మీరెప్పుడైనా చూశారా?"

మంచం మీదున్న వాళ్ళమ్మ కాసేపు ఆలోచించింది. "లేదురా అబ్బాయ్. నేనూ చూడలేదు," అంది. కోడలి తరఫున ఆవిడ సాక్ష్యం చెప్పడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

"నాన్నా, మేడ దగ్గర నా వంతు ఆశ్చర్యం అమ్మకిచ్చెయ్. నేను కిందే ఉంటాను," అంది కూతురు.

"ఒకళ్ళది కోసి ఒకళ్ళకిస్తే దాన్ని చార్టు అనరు. ఏ గడి నింపాలన్నా దానికో కారణం ఉండాలి. ఊరికే కూర్చోవడమన్నది లోకంలో ఎక్కడైనా కారణమేనా?" అని తేల్చేశాడు గుమాస్తా.

మర్నాడు చార్టు చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని డిపోకి వెళ్ళాడు. వారం పొడుగునా కండక్టర్లకీ, మెకానిక్కులకీ, ఆఖరికి టైర్లు అమ్మవచ్చిన ఆసామికీ దాన్ని విప్పి చూపించాడు. ఆహా అన్నవాళ్ళకి రెండోసారి కూడా చూపించాడు. ఈ హడావిడిలో డిపో చార్టు వెయ్యడానికి ఆయనకి తీరిక చిక్కలేదు. కిందటి వారం చార్టుకే తేదీలు మార్చి బోర్డుకి తగిలించాడు. డ్రైవర్లు సెలవు చీటీలు పట్టుకొస్తే, కళ్ళు మ్యూజియం మీంచి తియ్యకుండానే ఎప్పుడూ రాసే రెండు ముక్కలూ గిలికి, సంతకం పడేసి పంపించాడు.

ప్రయాణం ముందురోజు భార్య ఇంకోసారి అడిగి చూసింది. "పోనీ, అరగంట?"

ఆయన స్కేలు పెట్టి చార్టంతా కొలిచి, బరువుగా నిట్టూర్చాడు. "పదిహేడు నిమిషాలు. అమ్మ స్నానంలోంచి రెండు కోసి ఇస్తున్నాను."

"నా స్నానం జోలికొస్తే ఊరుకునేది లేదు," అంది వాళ్ళమ్మ.

దాంతో మళ్ళీ పావుగంటే అయింది. భార్యకి ఏడుపొచ్చింది. పైకి కనపడనివ్వకుండా పెట్టె జిప్పు బర్రుమని లాగింది.

పొద్దున్న ఆరుంపావు బస్సు. అయిదున్నరకే నలుగురూ బస్టాండులో ఉన్నారు. బస్సూ ఉంది, నిండా జనమూ ఉన్నారు. డ్రైవరు సీటు మాత్రం ఖాళీ. ఆరుంపావు అయింది, ఆరున్నర అయింది. గుమాస్తా నిలబడ్డచోటే చార్టు విప్పి గళ్ళు కొట్టెయ్యడం మొదలుపెట్టాడు. ఏడింటికి మ్యూజియం పోయింది. ఏడుంపావుకి నలభై అంతస్తుల మేడ కూలింది. ఏడున్నరకి ఎర్రకలం సముద్రం మీదికి రాబోతుంటే భార్య ఆయన చెయ్యి పట్టుకుంది.

చెయ్యి విదిలించుకుని ఆయన కంట్రోలర్ గదిలోకి దూసుకెళ్ళాడు. వెనకే ముగ్గురూ వెళ్ళారు.

"ఈ బస్సు డ్రైవరెక్కడయ్యా?"

"మీ చార్టులో అతను డ్యూటీలోనే ఉన్నాడు సార్," అన్నాడు కంట్రోలరు టీ ఊదుకుంటూ. "ఇంటికి ఫోన్ చేస్తే, సెలవు పెట్టి నిన్ననే పెళ్ళాంతో కలిసి ఊరెళ్ళాడన్నారు. ఇంకో డ్రైవరు దొరికేసరికి తొమ్మిదవుతుంది."

"డ్యూటీ పెట్టుకుని షికార్లా? నా మూడు రోజుల చార్టంతా బూడిదలో పోశాడు! అసలు వాడికి సెలవిచ్చిన బుద్ధిలేని మనిషెవడు?"

కంట్రోలరు ఫైలు తెరిచి ఒక చీటీ తీసి చాపాడు. గుమాస్తా జేబులో కళ్ళజోడు వెతుక్కునేలోపే భార్య దాన్ని అందుకుంది. చదివింది. ఇంకోసారి చదివి, కూతురి చేతికిచ్చింది.

"గట్టిగా చదువమ్మా. బామ్మక్కూడా వినపడాలి."

"అయ్యా, మా ఆవిడ ఇంతవరకూ సముద్రం చూడలేదు. ఒడ్డున ఊరికే కూర్చోవాలని ఆశపడుతోంది. దయచేసి మూడు రోజులు సెలవు ఇప్పించగలరు," అని చదివింది కూతురు.

"కింద ఇంకేదో ఎర్రగా ఉందేమిటే?" అంది బామ్మ.

"అది నాన్న రాసింది," అని ఆ పిల్ల అదీ చదివింది. "కారణం సబబుగా ఉంది. మంజూరు."