రోజుకు ఇరవైసార్లు

"ఏడు కాకుండానే ఇరవై అయిపోయాయా!" అంటూ బెన్హర్ కంప్యూటర్ తెర వైపు మళ్లీ చూశాడు.

అయిపోయాయి. నిన్నా అంతే, మొన్నా అంతే. మరిడమ్మ పేరున ఉన్న ఫోను తెల్లారేసరికి తన వంతు వాడేసుకుంటోంది.

శ్రీకాకుళంలో ఒక మేడ మీది గదిలో నడిచే చిన్న కంపెనీ అది. కళింగపట్నం బోట్లు సముద్రంలో ఎక్కడున్నాయో ఫోనులో చూపిస్తుంది. బోట్లకు యంత్రాలు బిగించింది వేరేవాళ్లు. మత్స్యకారుల సంఘం ఇచ్చిన పాత పుస్తకంలోంచి పేర్లూ నంబర్లూ ఎక్కించి, ఎవరి ఫోను సర్వరును ఎన్నిసార్లు అడగొచ్చో కట్టడి పెట్టింది మాత్రం బెన్హరే. యజమానులకు గంటకు అరవైసార్లు, చేపల వ్యాపారులకు పది, ఇళ్లలోని ఆడవాళ్లకు రోజుకు ఇరవై. మొగుడు ఎక్కడున్నాడో తెలుసుకోవడానికి ఇరవైసార్లు చాలవా అనుకున్నాడు. పెళ్లికానివాడు, అలాగే అనుకుంటాడు.

ఇంతలో సంఘం పెద్ద గంగులు ఫోన్ చేశాడు.

"బాబూ, మావు వలేసిన సోటికి పక్కూరోల్లు వచ్చేత్తన్నారు. మీ యాపులోంచే ఎవులో సెప్తన్నారు. ఇలాగైతే యంత్రాలు ఊడదీసి సముద్రంలో పడేత్తాం."

"రెండు రోజులు టైమివ్వండి. నేను చూస్తాను" అన్నాడు బెన్హర్. ఆ యంత్రాలు ఊడితే తన ఉద్యోగమూ వాటితోపాటే ఊడుతుంది.

లెక్కలు తీసి చూస్తే బుర్ర తిరిగిపోయింది. ఒక్క ఆడమనిషి కూడా తన మొగుడి బోటు గురించి అడగలేదు! మూడో నంబరు ఇంటావిడ పదకొండో బోటును అడుగుతోంది. పదకొండో ఇంటావిడ మూడో బోటును అడుగుతోంది. ఐదుకీ ఎనిమిదికీ అదే వరస. ఊరి సంసారాలు ఇలా తగలడ్డాయేమిటని కాసేపు సిగ్గుపడ్డాడు కూడా.

అందులోనూ మరిడమ్మది మరీ వింత. ఆమెది తొమ్మిదో బోటు. ఇరవైసార్లూ అడిగేది పద్నాలుగో నంబరు, దాలయ్య బోటు. దాలయ్య భార్య రాణి పేరున కూడా ఫోను ఉంది కానీ, దాన్నుంచి ఇంతవరకు ఒక్క ప్రశ్నా రాలేదు. దాలయ్యకు ఈమధ్య వేట బాగా పడుతోందని గంగులే ఒకసారి చెప్పాడు. దొంగ దొరికిందనుకుని బెన్హర్ మరిడమ్మకు ఫోన్ కలిపాడు.

"అమ్మా, మీది తొమ్మిదో బోటు కదా, పద్నాలుగు సంగతి మీకెందుకు?"

"నాకు కాకపోతే మరెవులకి నాయినా?"

"మరి మీ బోటు?"

"మా బోటు నానడుగుతానేటి!" అని నవ్వేసి పెట్టేసింది.

బెన్హర్‌కు ఒక్క ముక్కా అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని ఆపేయడమే మేలనుకుని ఆ సాయంత్రమే కట్టడి మార్చాడు. ఆడవాళ్లకు సొంత బోటైతే రోజుకు ఇరవై, పరాయి బోటైతే సున్నా.

మర్నాడు ఈదురుగాలి. ఎనిమిదైనా బోట్లు ఒడ్డుకు రాలేదు. అలాంటి పూట ఆడవాళ్ల ఫోన్ల నుంచి వచ్చిన ప్రశ్నలు మొత్తం కలిపి సున్నా. సర్వరు పాడైందేమోనని రెండుసార్లు చూసుకున్నాడు. బాగానే ఉంది. అంతలో గంగులు ఫోను.

"ఏటి బాబూ ఇది! ఆడోల్లందరూ నా ఫోను మీద పడిపోనారు. నా అరవై కూడా అయిపోనాయి. వేగిరం రా!"

బెన్హర్ బండి మీద కళింగపట్నం చేరేసరికి ఒడ్డునిండా ఆడవాళ్లే. చేతుల్లో ఫోన్లున్నాయి, ఒక్కరూ నొక్కడం లేదు. ముందున్నామె మరిడమ్మని గంగులు చెప్పాడు. నుదుట ఇంత బొట్టు, చేతులనిండా గాజులు, చంకలో అన్నం క్యారేజీ.

"మీ బోట్లు మీరు చూసుకోవచ్చు కదమ్మా? ఇరవైసార్లు ఇచ్చాను కదా!"

"ఓలమ్మ! సేపల ఏటకెల్లినోన్ని పెల్లాం ఎనకనుంచి పిలవచ్చేటి? ఏడున్నావని అడిగినా పిలిసినట్టే. అందుకే ఈ రాణి మొగున్ని నాను సూత్తాను, నా మొగున్ని అది సూత్తాది" అంది మరిడమ్మ. పక్కనున్న రాణి తల వంచుకుంది.

"ఆడోల్ల సంగతి, నాకూ తెల్దు బాబూ" అన్నాడు గంగులు.

పక్కూరికి చెప్పేది వీళ్లు కాదు, అదెవరో వ్యాపారుల లెక్కల్లో వెతుక్కోవచ్చనుకునేసరికి బెన్హర్‌కు గుండె తేలికైంది. తన తెలివికి తనే సిగ్గుపడుతూ, అక్కడే నిలబడి ల్యాప్‌టాప్ తెరిచి ఆడవాళ్ల మీది కట్టడి మొత్తం ఎత్తేశాడు. ఒక్కసారిగా ఒడ్డంతా సందడి లేచింది. మూడు వస్తోందని ఒకరు, పదకొండు వచ్చేసిందని ఇంకొకరు కేకలు.

"ఒసే రాణీ, మీ ఆయన ఏటి మొగ కాడికి వచ్చేసినాడే, ఇంక ఒడ్డుకే! మరి మాది సూడు" అంది మరిడమ్మ.

రాణి ఫోనులోకి చాలాసేపు చూసింది. "ఎనకాలే వత్తన్నాడు వదినా" అంది.

మరిడమ్మ క్యారేజీ మూత కొంగుతో తుడిచి, నీళ్ల వైపు గబగబా నడిచింది.

బెన్హర్ అలవాటు కొద్దీ లెక్క చూసుకున్నాడు. రాణి ఫోను నుంచి ప్రశ్నలు ఇప్పటికీ సున్నాయే. మరి ఈమె ఏం చూసి చెప్పినట్టు? మళ్లీ అయోమయం. సిగ్నలు అందలేదేమో, తనే చూసి చెబుదామని తన ఫోనులో తొమ్మిది కొట్టబోయాడు.

గంగులు వచ్చి ఆ చేయి గట్టిగా పట్టుకున్నాడు. మరిడమ్మ దూరం వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి చెప్పాడు.

"తొమ్మిదో బోటు మునిగిపోయి మూడేల్లయినాది బాబూ."