బిళ్ళ లేని కోటు

లైల్ పర్డమ్ మీద ఆర్విల్‌కి ఒకటే కసి. వాడి కోటుకి బిళ్ళ లేదు.

రెండో ప్రపంచయుద్ధం ముగిసి ఏడాదిన్నర. అయోవాలోని ఆ విశ్వవిద్యాలయంలో ఎవడి కోటు చూసినా రెక్కలు చాచిన గద్ద బొమ్మతో ఇత్తడి బిళ్ళే. సైన్యంలో చేసి బయటికొచ్చినవాడికి సర్కారు ఇచ్చే బిళ్ళ. సైన్యానికి వెళ్లే వయసుండీ అది లేనివాడు వచ్చి కూర్చుంటే, భోజనాల హాల్లో బల్లకు బల్లే పళ్లేలెత్తుకుని లేచిపోయేది.

లైల్ రోజూ ఒంటరిగానే తినేవాడు.

ఆ మాటకొస్తే ఆర్విల్‌కి మాత్రం ఎవరున్నారు? మాజీ సైనికులకని వేసిన రేకుల గుడిసెలో ఒక్కడే. తరగతిలో మీసాలు రాని పిల్లలు. లెక్కల పరీక్ష ఒకసారి తప్పాడు. ఈసారీ తప్పితే అయ్య వెనకాలే బొగ్గుగనిలోకి దిగాలి.

పరీక్ష సోమవారం. శనివారం లైబ్రరీ మెట్ల మీద వణుకు పట్టుకుంది. పసిఫిక్ దీవుల్లో యుద్ధం చేసినప్పుడు అంటిన చలిజ్వరం, మలేరియా. పళ్లు టకటకలాడాయి.

ఎవరో కోటు విప్పి కప్పారు. చూస్తే లైల్!

"రోజు విడిచి రోజు వచ్చేదేగా? మాత్రలేవీ?"

"అయిపోయాయి. డాక్టరు సోమవారం దాకా రాడు."

"సోమవారం పొద్దున పరీక్ష. జ్వరమూ ఆ పొద్దుటే వస్తుంది." లైల్ జేబులోంచి చిన్న సీసా తీశాడు. అడుగున నాలుగే ఉన్నాయి. "అన్నీ ఉంచుకో. రేపటికల్లా వేసెయ్యి. ఇక రాదు."

ఆర్విల్ ఒకటి మింగాడు. అదే చేదు.

"నీకు ఏ దీవిలో అంటిందోయ్?"

"దీవి కాదు. నేను యుద్ధానికి వెళ్లలేదు. తుపాకీ పట్టనన్నాను."

మెట్ల మీది జనం ఇటు తిరిగారు.

"మరి జ్వరం ఎక్కడ పట్టావు? మీ అమ్మ వంటింట్లోనా?"

అందరూ గొల్లుమన్నారు. ఆర్విల్‌కి ఇంకా ఊపొచ్చింది.

"ఏ సిపాయి జేబులో కొట్టేశావురా ఈ సీసా?"

లైల్ ఏదో చెప్పబోయాడు. "నమ్మవులే," అని ఊరుకున్నాడు.

ఆర్విల్ తన మీద కప్పిన ఆ కోటు తీసి మంచులోకి విసిరేశాడు.

సీసా మాత్రం విసరలేదు.

సోమవారం వణుకు రాలేదు. లెక్కలన్నీ చేశాడు. లైల్ కుర్చీ ఖాళీగా ఉంది.

"ఇక్కణ్ణుంచీ పారిపోయాడ్రా!" అని పక్క కుర్రాడితో అన్నాడు. వాడికి వినే తీరిక లేదు.

గురువారం మళ్లీ మాత్రలకు వెళ్తే, డాక్టరు ఆ ఖాళీ సీసా అందుకుని గుర్తుపట్టాడు.

"ఇది పర్డమ్‌ది కదూ?"

"వాడే ఇచ్చాడండీ."

"అందుకా! సోమవారం పొద్దున పరీక్షకు వస్తూ దారిలో వణుకొచ్చి పడిపోతే మోసుకొచ్చారు. ఈ మాత్రలు బిళ్ళ ఉన్నవాళ్లకే ఇవ్వాలని రూలు. రూలు గాలికొదిలి వేశాన్లే. పరీక్ష పోయింది. వాళ్ల నాన్నొచ్చి సామానుతో సహా తీసుకుపోయాడు."

"యుద్ధానికే వెళ్లనివాడికి ఈ జ్వరం ఎలా వచ్చిందండీ?"

డాక్టరు మాత్రలు పొట్లం కట్టి ఆర్విల్ చేతిలో పెట్టాడు.

"యుద్ధంలో మీకు పంపేముందు ఈ మాత్ర పనిచేస్తుందో లేదో ఎవడో ఒకడి మీద చూడాలి కదయ్యా. తుపాకీ పట్టనన్న ఆ చెయ్యే దోమల బోనులో పెట్టాడు."