వినబడే ఇల్లు

మాటలు అయిపోయాయి గానీ కాల్ కట్ కాలేదు. అరుణ ఫోనును మంచం మీద పడేసి లేచిపోయింది. తిరుమలేష్ చేతిలోని తెర మీద ఇప్పుడు ఊళ్ళో తన ఇంటి పైకప్పు, నెమ్మదిగా తిరిగే ఫ్యాను మాత్రమే ఉన్నాయి.

అతను వెంటనే మ్యూట్ నొక్కాడు. పరాయి దేశంలో, బూన్ లే దగ్గర, ఆ కూలీల డార్మిటరీ గదిలో పన్నెండు మంది ఉంటారు. ఎవరు దగ్గినా అవతల వినబడుతుంది. ఇయర్‌ఫోన్లు చెవుల్లోకి ఇంకాస్త నొక్కుకుని, పై మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. పదకొండూ నలభై అయింది. మధ్యాహ్నం పన్నెండు లోపల సూపర్‌వైజర్ సురేన్‌కు జవాబు చెప్పాలి. పర్మిట్ ఇంకో రెండేళ్ళు పొడిగించుకోవడమా, వచ్చే నెల ఇంటికి వెళ్ళిపోవడమా.

ఆ సంగతే ఇందాక భార్య అరుణను మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ ఆమె నీ ఇష్టమంది. నవ్వుతూనే అంది. తెర మీద ఆమె ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది. ఆ నవ్వు తన కోసమో, కెమెరా కోసమో అతనికి అంతుపట్టదు. అందుకే ఆమె ఫోను కట్ చేయడం మరిచిపోయే ఆదివారాలంటే అతనికి ప్రాణం. ఈ మధ్య అలా జరగడం ఇది నాలుగోసారి. తనతో మాట్లాడేటప్పటి గొంతు ఒకటి, తను లేడనుకున్నప్పటి గొంతు ఇంకొకటి. రెండోదే అసలైనదని అతని నమ్మకం. దొంగచాటుగా విన్నదాంట్లో అబద్ధం ఉండదు.

బీడీ ఆకులు కత్తిరిస్తున్న చప్పుడు వినబడుతోంది. రెండు కత్తెరలు. ఒకటి అరుణది, రెండోది ఆమె చిన్నమ్మ రత్నమ్మది. ఆదివారం ఇద్దరూ కలిసి కూర్చుని బీడీలు చుడతారు. ఇప్పటిదాకా ఆకుల సంగతే మాట్లాడుకున్నారు. ఈసారి కట్టల్లో సగం చిరుగులే వచ్చాయట.

కింది మంచం ఏసుబాబుది. అతను తిండికి వస్తావా అని పై చెక్కను కాలితో తన్నాడు. తిరుమలేష్ చేత్తోనే రానని సైగ చేశాడు. కాల్‌లో ఉన్నావా అంటే తలూపాడు.

"మాటాపలుకూ లేకుండా ఇదేం కాల్‌రా బాబూ," అన్నాడు ఏసుబాబు. "ఇంట్లో సీసీటీవీ పెట్టించావా ఏంటి?"

తిరుమలేష్ వినిపించుకోలేదు. అల్లుడు ఏమన్నాడని రత్నమ్మ అప్పుడే అడిగింది. ఒక కత్తెర ఆగింది.

"నన్నే చెప్పుమంటుండు."

"నువ్వేమన్నవ్?"

"నీ ఇష్టమన్న." కత్తెర రెండుసార్లు ఆడి మళ్ళీ ఆగింది. "ఇంకేమంట చిన్నమ్మా. ఫోన్ల మొగన్ని ఎన్నేండ్లని చూసుడు? తిన్నవా అంటె తిన్న, పన్నవా అంటె పన్న. గంతేనాయె. ఉన్నదే తిందుము, మనిషి ఇంట్ల ఉంటె చాలనిపిస్తది."

"గదే ఆయనకు చెప్పరాదే మరి."

"చెప్తె ఆగమైతడు. ఆడ ఒక్కడే ఉంటడాయె."

తిరుమలేష్ కళ్ళు మూసుకున్నాడు. ఎదురుగా అడిగితే ఎన్నటికీ చెప్పని మాట. తను లేడనుకున్నందుకు చెప్పిన మాట. పదకొండూ యాభై రెండు.

అతను నిచ్చెన దిగాడు. కాల్ నడుస్తూనే ఉంది. ఫోను చొక్కా జేబులో పెట్టుకుని, ఎడమ చెవిది మాత్రం తీసి వరండాలోకి వెళ్ళాడు. సురేన్ అక్కడే పేర్ల జాబితా చూసుకుంటూ నిలబడ్డాడు. పక్క దేశంలోని జొహోర్‌లో పుట్టిన తెలుగువాడు. అతని తెలుగులో సగం తమిళం, సగం ఈ ఊరి ఇంగ్లీషు. పక్కనే సింహాచలం చేతులు కట్టుకుని ఉన్నాడు. ఎవరైనా తప్పుకుంటే ఆ చోటు అతనిది. పొద్దుటి నుంచీ అక్కడే నిలబడి ఉన్నాడు.

తిరుమలేష్ వెళ్ళిపోతున్నానన్నాడు.

సురేన్ తలెత్తి చూశాడు. బాగా ఆలోచించుకున్నావా అన్నాడు. ఇంకా ఎనిమిది నిమిషాలుందన్నాడు. తిరుమలేష్ ఆలోచించానన్నాడు.

"నో అంటే నో దాన్, బ్రదర్. మండే వచ్చి మార్చమంటే కెనాట్ లా."

"మార్చను. కొట్టెయ్, అన్నా."

సురేన్ బొటనవేలు తెర మీద కదిలింది. ఒక పేరు పోయింది, ఒక పేరు చేరింది. జాబితా ఆఫీసుకు వెళ్ళిపోయింది. సింహాచలం తిరుమలేష్ చేతిని రెండు చేతులతో పట్టుకుని, గబగబా మెట్లు దిగిపోయాడు.

తిరుమలేష్‌కు ఒళ్ళంతా తేలికైనట్టు అనిపించింది. ఫోను బయటికి తీశాడు. సరిగ్గా అప్పుడే తెర మీద పైకప్పు ఊగింది. అరుణ ఫోను చేతిలోకి తీసుకుంది. మొదట గడ్డం, తర్వాత ముక్కుపుడక, తర్వాత తెర నిండా వేలు. వస్తున్నానని చెప్పాలి. మ్యూట్ తీయబోయాడు. ఈలోగా బొమ్మ నల్లబడిపోయింది.

ఫర్వాలేదు, తనే మళ్ళీ చేయవచ్చనుకున్నాడు. కానీ చెవిలో కత్తెర చప్పుడు ఆగలేదు. ఆమె నొక్కింది ఎర్ర బటన్ కాదు, పక్కనున్న కెమెరా బటన్.

"కట్ చేసినవా?" రత్నమ్మ గొంతు.

"ఆఁ, చేసిన."

"గట్లంటె నిజంగనే వచ్చి కూసుంటడేమోనే."

అరుణ కత్తెర ఆడింది. ఒక ఆకు తెగింది, ఇంకో ఆకు తెగింది.

"రాడు చిన్నమ్మా. ఇంటికాడ ఎదురుచూస్తున్నరని దొంగచాటుగ చెవుల పడితెనే, ఇంకో రెండేండ్లు ఆడ నిమ్మళంగ పనిచేస్తడు."